మీరు అణువుని చూశారా సార్?



ఈసారి పోస్టు కాస్త పెద్దది. తీరిక చేసుకుని చదవండి. పరీక్షలు దగ్గర పడ్డవాళ్ళు ఆదివారానికి దాచుకోండి.

ఈ పోస్టు రాస్తున్న మేము నలుగురం. నలుగురం ఆశ్రమ పాఠశాలల్లో చదివి వచ్చినవాళ్ళమే. మాలో ఒకరికి తొమ్మిదో తరగతిలో జరిగిన సంగతితో మొదలుపెడతాం. ఫిజిక్స్ క్లాసు జరుగుతోంది. సారు బోర్డు మీద మూడు లైన్లు రాశారు. ఘన పదార్థంలో కణాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. ద్రవంలో కొంచెం ఎడంగా ఉంటాయి. వాయువులో చాలా దూరంగా ఉంటాయి. మావాడు లేచి, "మీరు చూశారా సార్?" అని అడిగాడు. ఎగతాళికి కాదు, నిజంగానే తెలుసుకుందామని. క్లాసంతా గొల్లున నవ్వింది. సారుకి కోపం వచ్చింది. "కొండ మీంచి దిగొచ్చి నాకే పరీక్ష పెడతావా, రాసుకో" అని కూర్చోబెట్టారు. ఆ రోజు నుంచి పదో తరగతి అయ్యేదాకా మావాడు ఫిజిక్స్ క్లాసులో నోరు విప్పలేదు. ఇంటర్‌లో సైన్సు వైపు పోనేలేదు.

మొన్న పోటీ పరీక్షకి జనరల్ సైన్సు చదువుకుంటూ, ఈ మూడు లైన్లు ఎక్కడి నుంచి వచ్చాయని వెతకడం మొదలుపెట్టాం. అప్పుడు తెలిసింది. మావాడు అడిగిన ప్రశ్న యూరప్‌లో పెద్దపెద్ద ప్రొఫెసర్లు ఒకరినొకరు అడుక్కున్నదే. ఆ ఒక్క ప్రశ్న మీద వందేళ్ళు కొట్లాడుకున్నారు. ఆ కొట్లాటలో గెలిపించిన మనుషుల్లో చాలామంది తలుపు బయట నిలబెట్టబడ్డవాళ్ళు. ఆ చరిత్ర మనకి ఎవరూ చెప్పలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాం.

ఇంటి దగ్గర తెలిసిన సంగతి

పుస్తకం తెరవకముందే మనకి తెలిసినవి కొన్ని ఉన్నాయి. ఇప్పగింజల నూనె ఎండాకాలంలో పల్చగా కారుతుంది. చలికాలం తెల్లవారుజామున చూస్తే అదే నూనె వెన్నలా గడ్డకట్టి ఉంటుంది. పొయ్యి పక్కన పెడితే మళ్ళీ కరుగుతుంది. నూనె అదే, డబ్బా అదే. మారింది ఒక్క వేడే.

ఇప్పపువ్వు సారా కాచడం చూసినవాళ్ళు మనలో చాలామంది ఉంటారు. తాగమని చెప్పడం లేదు, పని గురించి చెబుతున్నాం. పువ్వుని కొన్ని రోజులు నానబెట్టి పులవనిస్తారు. కుండలో పోసి కింద మంట పెడతారు. మంట ఎక్కువ కాకూడదని పెద్దవాళ్ళు పక్కనే కూర్చుని చూసుకుంటారు. పైకి లేచిన ఆవిరి గొట్టంలోంచి పోయి, చల్లటి నీళ్ళలో పెట్టిన రెండో కుండలో చుక్కచుక్కగా దిగుతుంది. సారా 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీళ్ళు 100 డిగ్రీల దగ్గర. మంట ఎక్కువైతే నీళ్ళు కూడా ఎక్కువగా లేచి సరుకు పల్చనైపోతుంది. థర్మామీటరు లేకుండా మంట చూసి, చుక్క చూసి ఈ తేడా పట్టుకున్నవాళ్ళు మన అవ్వలు, తాతలు. ద్రవం ఆవిరి కావడం, ఆవిరి మళ్ళీ ద్రవం కావడం, రెండూ ఆ రెండు కుండల మధ్యే ఉన్నాయి.

అంటే 'ఏం జరుగుతుంది' అనేది మనకి తెలుసు. 'ఎందుకు జరుగుతుంది' అనేదే మిగిలింది. ఆ రెండో ప్రశ్న మీద మనిషి రెండు వేల ఏళ్ళకు పైగా తలబద్దలు కొట్టుకున్నాడు.

ఎండ చారలో ధూళి

తాటాకు కప్పు సందులోంచి ఇంట్లోకి ఎండ చార పడితే అందులో ధూళి ఆడుతూ కనిపిస్తుంది. చిన్నప్పుడు దాన్ని పట్టుకుందామని చెయ్యి పెట్టనివాళ్ళు ఉండరు. మన దేశంలో ప్రాచీన కాలంలో కణాదుడి పేరుతో నడిచిన వైశేషిక దర్శనం ఆ ధూళి దగ్గరే ఆలోచన మొదలుపెట్టింది. కంటికి ఆనే అతి చిన్న రేణువు అదే అయితే, దానికీ భాగాలుండాలి కదా. అలా విడగొట్టుకుంటూ పోతే ఇక విడగొట్టలేనిది ఒకటి మిగలాలి. దాన్ని పరమాణువు అన్నారు. గ్రీసులో క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దంలో ల్యూసిపస్, డెమోక్రిటస్ ఇలాంటి మాటే వేరే దారిలో చెప్పారు. కొన్ని వందల ఏళ్ళ తర్వాత రోమ్‌లో లుక్రీషియస్ అనే కవి కూడా ఎండ చారలోని ధూళినే ఉదాహరణగా తీసుకున్నాడు. ఎవరి ఇంటి కప్పు సందులోంచి వాళ్ళు చూశారు.

కానీ ఇదంతా ఆలోచనే, రుజువు లేదు. అరిస్టాటిల్ లాంటి పెద్దాయన ఒప్పుకోలేదు. కణాలుంటే వాటి మధ్య ఖాళీ ఉండాలి, ఖాళీ అనేది ప్రకృతిలో ఉండదు అన్నాడు. ఆయన మాటకి యూరప్‌లో దాదాపు రెండు వేల ఏళ్ళు తిరుగులేకపోయింది. అప్పటికి ఎవరి దగ్గరా తూచి, కొలిచి చూపించే సాధనం లేదు.

మంచు దాచుకున్న వేడి

కొలవడం మొదలుపెట్టిన తర్వాతే కథ కదిలింది. 1760 ప్రాంతంలో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే ఆయన ఒక చిన్న పని చేశాడు. రెండు గాజు సీసాలు తీసుకున్నాడు. ఒకదాన్లో బాగా చల్లటి నీళ్ళు, ఇంకోదాన్లో మంచుగడ్డ. రెండూ ఒకే గదిలో పెట్టాడు. నీళ్ళు అరగంటలో వేడెక్కినంత, మంచు వేడెక్కడానికి దాదాపు పది గంటలు పట్టింది. గది రెండింటికీ వేడి ఇస్తూనే ఉంది. మరి మంచుకిచ్చిన వేడి ఎటు పోయింది? థర్మామీటరులో మాత్రం కనిపించడం లేదు. దాన్నే ఆయన గుప్తోష్ణం అన్నాడు, అంటే దాగిన వేడి.

ఈరోజు లెక్క ప్రకారం 1 గ్రాము మంచు కరగడానికి 80 కేలరీలు కావాలి. 1 గ్రాము మరిగే నీళ్ళు ఆవిరి కావడానికి 540 కేలరీలు కావాలి. గంజి మరుగుతున్నప్పుడు ఎన్ని పుల్లలు పెట్టినా నీళ్ళ వేడి 100 దాటదు. ఆ మంటంతా ఆవిరి చేయడానికే పోతుంది. ఆవిరి చేతికి తగిలితే మరిగే నీళ్ళకంటే ఎక్కువ కాలేది కూడా అందుకే. దాచుకున్న ఆ 540 మన చర్మం మీద దింపేస్తుంది.

వేడి ఎందుకు దాక్కుంటుందో బ్లాక్ కాలంలో సరిగ్గా తెలియలేదు. వేడి అనేది కంటికి కనపడని ఒక రసం, వస్తువుల్లోకి పారుతుంది అని చాలామంది నమ్మారు.

సాలె ఇంటి పిల్లాడు

1808లో జాన్ డాల్టన్ అణు సిద్ధాంతం మీద పుస్తకం అచ్చు వేశాడు. డాల్టన్ ఇంగ్లండ్‌లో ఒక పల్లెటూరి మగ్గం నేసేవాడి కొడుకు. 12 ఏళ్ళకే ఊరి బడిలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్ళది క్వేకర్ శాఖ. ఆ రోజుల్లో అక్కడి రాజమతానికి చెందనివాళ్ళకి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ తలుపులు మూసి ఉండేవి. ఆయన యూనివర్సిటీ మెట్లెక్కకుండానే గాలి, వాన, తేమ కొలుచుకుంటూ అణువుల దాకా వచ్చాడు. ఒక్కో మూలకానికి ఒక్కో రకం అణువు ఉంటుందని, ప్రతి దానికీ ఒక బరువు ఉంటుందని చెప్పి ఆ బరువుల పట్టిక వేశాడు.

ఆయన కూడా ఒకచోట తప్పటడుగు వేశాడు. గాలిలో కణాలు ఎగరవు, వాటి చుట్టూ వేడి రసం ఒక పొరలా ఉండి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నిలబడి ఉంటాయి అనుకున్నాడు. మన బోర్డు మీది మూడు లైన్లలో 'దూరంగా ఉంటాయి' అన్న మాటతోనే ఆగిపోతే మనమూ అక్కడే ఆగినట్టు. దూరంగా ఉండటం కాదు అసలు సంగతి, కదలడం.

బొంబాయి నుంచి వెళ్ళిన కాగితాలు

కదలిక సంగతి మొదట పట్టుకున్నవాళ్ళని ఎవరూ పట్టించుకోలేదు. 1738లోనే డేనియల్ బెర్నూలీ రాశాడు: వాయువు అంటే అటూ ఇటూ పరిగెత్తే లెక్కలేనన్ని చిన్న కణాలు, అవి గోడకి కొట్టుకోవడమే పీడనం అని. సైకిల్ ట్యూబ్ గట్టిగా ఉండేది లోపల గాలి కణాలు క్షణం ఆగకుండా రబ్బరుని కొడుతూ ఉండటం వల్లే. వందేళ్ళు ఆ మాట పుస్తకంలోనే పడుకుంది.

తర్వాతి కథకి మన దేశంతో సంబంధం ఉంది. జాన్ జేమ్స్ వాటర్‌స్టన్ అనే స్కాట్లాండ్ ఇంజనీరు 1839లో బొంబాయి వచ్చాడు. ఈస్టిండియా కంపెనీ నౌకాదళ కుర్రాళ్ళకి చదువు చెప్పే ఉద్యోగం. సాయంత్రాలు ఖాళీ. ఆ ఖాళీలో కూర్చుని వాయువులోని కణాల వేగానికీ వేడికీ ఉన్న లెక్క మొత్తం తేల్చాడు. వేడి అనేది ప్రత్యేకమైన రసం కాదు, కణాల కదలికే వేడి. బరువైన కణాలు నెమ్మదిగా, తేలికవి వేగంగా పరిగెత్తుతాయి. అయినా ఒకే వేడిలో ఉంటే సగటున వాటి గతిశక్తి సమానమే. ఈ సంగతులు రాసి 1845లో లండన్‌లోని రాయల్ సొసైటీకి పంపాడు.

పరిశీలించినవాళ్ళలో ఒకాయన ఇది పనికిమాలిన రాత, సభలో చదవడానికి కూడా తగదని తేల్చేశాడు. కాగితాలు తిరిగి ఇవ్వలేదు, ఆ సంస్థ అలవాటు ప్రకారం బీరువాలో పెట్టేశారు. వాటర్‌స్టన్ దగ్గర నకలు లేదు. తర్వాత ఇదే సిద్ధాంతం క్లాసియస్, మాక్స్‌వెల్ పేర్లతో యూరప్ అంతా పాకింది. వాటర్‌స్టన్ స్కాట్లాండ్ తిరిగి వెళ్ళిపోయి ఎవరికీ పట్టకుండా బతికాడు. 1883లో ఒకరోజు వాకింగుకని వెళ్ళి ఇంటికి తిరిగి రాలేదు. ఎనిమిదేళ్ళ తర్వాత, 1891లో, లార్డ్ రేలీ అదే బీరువాలో ఆ కాగితాలు చూసి ఆశ్చర్యపోయాడు. 1892లో అచ్చు వేయించాడు. అప్పటికి రాసినవాడు లేడు.

ఆ కాగితాలు చదివిన పెద్దాయన చెడ్డవాడని మేము అనడం లేదు. పేరులేని మనిషి దూరం నుంచి రాసిన మాటని ఓపిగ్గా చదవలేదు, అంతే. దానికి సైన్సు పదేళ్ళకు పైగా వెనకబడింది.

కూర వాసన ఎందుకు నెమ్మదిగా వస్తుంది

1857లో జర్మనీకి చెందిన క్లాసియస్ ఇదే సంగతి అచ్చులో పెట్టాడు. లెక్క ప్రకారం గదిలో గాలి కణాలు సెకనుకి దాదాపు 500 మీటర్ల వేగంతో పోతూ ఉంటాయి. వెంటనే డచ్చి దేశం నుంచి బైస్ బాలట్ అనే ఆయన ఒక గట్టి ప్రశ్న వేశాడు. కణాలు అంత వేగంగా పోయేదుంటే, వంట గిన్నె గదిలోకి తెచ్చిన క్షణంలోనే వాసన అవతలి మూలకి చేరాలి కదా, మరి నిమిషాలు ఎందుకు పడుతుంది?

ఎంత మంచి ప్రశ్న. క్లాసియస్ కోప్పడలేదు. కూర్చుని ఆలోచించి 1858లో జవాబు రాశాడు. కణం వేగంగా పోతుంది నిజమే, కానీ నేరుగా పోదు. అడుగడుగునా ఇంకో కణాన్ని గుద్దుకుని దారి మళ్ళుతుంది. సంత రోజు రద్దీలో ఎంత గట్టిగా నడవగలిగినవాడైనా ఈ చివర నుంచి ఆ చివరకి చేరడానికి ఎంత సేపు పడుతుందో చూడండి, అలాగ. మామూలు గాలిలో ఒక కణం ఒక్క సెకనులో వందల కోట్ల సార్లు గుద్దుకుంటుంది. ఇప్పుడు పుస్తకంలో 'వ్యాపనం' అని ఒక మాట ఉంటుంది కదా, దాని వెనక ఉన్నది ఈ కూర వాసన గొడవే. నిలదీసే ప్రశ్న వచ్చింది కాబట్టే సిద్ధాంతం ఇంకా బలపడింది.

లాటిన్ రాని మాస్టారు

ద్రవానికీ వాయువుకీ మధ్య గీత ఎక్కడుంది? 1869లో థామస్ ఆండ్రూస్ బొగ్గుపులుసు వాయువుతో ఒక వింత చూపించాడు. 31 డిగ్రీల కంటే కింద దాన్ని గట్టిగా నొక్కితే ద్రవం అవుతుంది. 31 దాటితే ఎంత నొక్కినా ద్రవం, వాయువు అని వేరువేరుగా విడిపోదు. మధ్యలో గీతే మాయమవుతుంది.

దీనికి కారణం చెప్పింది యోహన్నెస్ వాన్ డర్ వాల్స్. నెదర్లాండ్స్‌లో ఒక వడ్రంగి ఇంట్లో పదిమంది పిల్లల్లో పెద్దవాడు. చిన్న బడిలో మాస్టారు. లైడెన్ యూనివర్సిటీలో పాఠాలు వినడానికి రానిచ్చారు కానీ పరీక్ష రాయనివ్వలేదు. ఎందుకంటే ఆయనకి లాటిన్, గ్రీకు భాషలు రావు. మళ్ళీ చదవండి. తెలివి లేదని కాదు, పెద్దింటి పిల్లలు చదువుకునే భాష రాదని. కొన్నేళ్ళకి ఆ నిబంధన సడలింది. 1873లో, 35 ఏళ్ళ వయసులో, పరిశోధన గ్రంథం ఇచ్చాడు. దాన్ని రాసింది తన సొంత డచ్చి భాషలో.

ఆయన చెప్పింది రెండు సంగతులు. కణాలకి సొంత పరిమాణం ఉంది, అవి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. పరుగు గెలిస్తే వాయువు, లాగుడు గెలిస్తే ద్రవం. చల్లబరిస్తే పరుగు తగ్గి లాగుడు గెలుస్తుంది. 31 డిగ్రీలు దాటిన బొగ్గుపులుసు వాయువులో, ఎంత దగ్గరికి నొక్కినా లాగుడు పరుగుని పట్టి నిలపలేదు. ఈ గ్రంథం చదవడం కోసమే డచ్చి భాష నేర్చుకోవడానికి కొందరు సిద్ధపడుతున్నారని మాక్స్‌వెల్ అంతటివాడు రాశాడు. 1910లో వాన్ డర్ వాల్స్‌కి నోబెల్ వచ్చింది.

కోయ, కువి, సవర, గోండి, కొలామి మాట్లాడే ఇంటి నుంచి వచ్చి ఒకటో తరగతిలో తెలుగు పుస్తకం పట్టుకున్న పిల్లలకి ఈ కథ ఎక్కడ తగులుతుందో మేము వేరే చెప్పక్కర్లేదు. 'బాష్పీభవనం' అంటే ఏంటో తెలియక సున్నా మార్కులు తెచ్చుకున్న పిల్లాడికి, వాళ్ళమ్మ ఆరేసిన చీర ఎందుకు ఆరుతుందో బాగానే తెలుసు.

మళ్ళీ అదే ప్రశ్న

ఇంత జరిగినా 1900 నాటికి కూడా తగాదా తెగలేదు. వియన్నాలో ఎర్నెస్ట్ మాఖ్ అనే పెద్ద భౌతిక శాస్త్రవేత్త ఉండేవాడు. ఎవరైనా అణువుల మాట ఎత్తితే, "నువ్వు ఒక్కదాన్నైనా చూశావా?" అని అడిగేవాడని చెబుతారు. మావాడు తొమ్మిదో తరగతిలో అడిగింది ఇదే. మాఖ్ వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. కంటికి కనపడనిదాన్ని లెక్కకి సాయంగా వాడుకోండి, కానీ ఉందని ఎలా అంటారు అన్నాడు. రసాయన శాస్త్రవేత్త ఆస్ట్‌వాల్డ్ కూడా అదే పక్షం.

అటువైపు కణాల పక్షాన నిలబడ్డది లుడ్విగ్ బోల్ట్స్‌మన్. ఏళ్ళ తరబడి వాదించాడు. ఆయన్ని మానసిక అనారోగ్యం చాలాకాలంగా బాధించింది. 1906లో తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఈ వాదనల వల్లే చనిపోయాడని కొందరు కథ అల్లుతారు, అది సరికాదు. జబ్బు జబ్బే. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మనసు బాగోకపోతే ఒంటరిగా మోయకండి, పక్కవాళ్ళకి చెప్పండి. ఇంకొన్నాళ్ళుంటే ఆయన తన గెలుపు కళ్ళారా చూసేవాడు.

చెట్టు బంక చెప్పిన తీర్పు

ఇక్కడ ఒకసారి వెనక్కి వెళ్ళాలి. 1827లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్ష శాస్త్రవేత్త ఒక పువ్వు పుప్పొడిని నీళ్ళలో వేసి సూక్ష్మదర్శినిలో చూశాడు. పుప్పొడి లోపలి నుంచి వచ్చిన చిన్న రేణువులు ఆగకుండా వణుకుతూ ఉన్నాయి. ప్రాణం ఉండబట్టి కదులుతున్నాయేమో అనుకున్నాడు. మరి ప్రాణం లేనివి? రాతి పొడి, ఆఖరికి ఈజిప్టు స్ఫింక్స్ విగ్రహం నుంచి వచ్చిన ఒక ముక్కని కూడా పొడి చేసి చూశాడు. అవీ వణుకుతూనే ఉన్నాయి. అంటే ప్రాణం కాదు. మరేంటో ఎవరికీ తేలలేదు.

1905లో స్విట్జర్లాండ్‌లో పేటెంట్ ఆఫీసు గుమాస్తాగా ఉన్న ఐన్‌స్టీన్ లెక్క వేశాడు. నీళ్ళ కణాలు అన్ని వైపుల నుంచీ ఆ రేణువుని కొడుతుంటాయి. ఒక క్షణం ఈ వైపు దెబ్బలు ఎక్కువ, మరుక్షణం ఆ వైపు. అందుకే వణుకు. అదే నిజమైతే రేణువు ఎంతసేపట్లో ఎంత దూరం జరుగుతుందో ముందే చెప్పొచ్చు. కొలిచి చూడండి అన్నాడు.

కొలిచింది పారిస్‌లో జా పెరెన్. ఆయన వాడింది ఏంటో తెలుసా? చెట్టు బంక. గాంబోజ్ అంటారు. ఆగ్నేయాసియా అడవుల్లో ఒక రకం చెట్టు బెరడుకి గాటు పెడితే కారే పసుపుపచ్చ పాలు గట్టిపడి అయ్యే బంక. బొమ్మలకి రంగుగా వాడేవారు. మనవాళ్ళు తపసి చెట్టుకి గాటు పెట్టి బంక తీసి జీసీసీ డిపోలో అమ్మినట్టే, అక్కడ ఏదో అడవిలో ఎవరో గాటు పెట్టి తీసిందే అది. పెరెన్ ఒక కిలో బంక తీసుకుని, నీళ్ళలో అరగదీసి, యంత్రంలో తిప్పితిప్పి, నెలల తరబడి కష్టపడితే ఒకే సైజు గుళికలు గ్రాములో కొన్ని పదోవంతులు మిగిలాయి. వాటిని నీళ్ళలో వేసి ఏ ఎత్తులో ఎన్ని గుళికలు ఉన్నాయో లెక్కపెట్టాడు.

కొండ ఎక్కేకొద్దీ గాలి పల్చబడుతుంది కదా. ఆ నీళ్ళ చుక్కలో బంక గుళికలు కూడా పైకి పోయేకొద్దీ అలాగే పల్చబడ్డాయి. ప్రతి 30 మైక్రాన్ల ఎత్తుకి సగానికి సగం తగ్గాయి. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను. గుళికలన్నీ అడుక్కి దిగి కూర్చోవడం లేదంటే, నీళ్ళ కణాలు వాటిని నిత్యం పైకి ఎగదోస్తున్నాయన్నమాట. ఆ లెక్క నుంచి 18 గ్రాముల నీళ్ళలో ఎన్ని కణాలుంటాయో తేల్చాడు. ఈరోజు మనకి తెలిసిన సంఖ్య 6 పక్కన 23 సున్నాలు. పెరెన్‌కి వచ్చింది దానికి దగ్గరే. ఇంకా వేరేవేరే దారుల్లో కొలిచినా అదే చుట్టుపక్కల వచ్చింది. 1909 నాటికి ఆస్ట్‌వాల్డ్ తన మాట తప్పని ఒప్పుకున్నాడు. 1926లో పెరెన్‌కి నోబెల్ ఇచ్చారు.

ఇప్పుడు ఆ మూడు లైన్లు

ఇంత కథ తెలిశాక బోర్డు మీది మూడు లైన్లు ఇలా రాసుకోవచ్చు.

ఘన పదార్థంలో కణాలు పక్కవాటి పట్టులో చిక్కుకుని ఉంటాయి. కానీ నిలబడి ఉండవు, ఉన్నచోటే వణుకుతూ ఉంటాయి. వేడి చేస్తే వణుకు పెరుగుతుంది. ఒక హద్దు దాటాక పట్టు సడలుతుంది. గడ్డకట్టిన ఇప్పనూనె కరిగేది అలాగే.

ద్రవంలో కణాలు దాదాపు అంతే దగ్గరగా ఉంటాయి. 'కొంచెం ఎడంగా' అనే మాట కంటే 'ఒకదాని పక్క నుంచి ఒకటి జారుతూ' అనడం మేలు. ధింసాలో ఒకరి వెనక ఒకరు చేయి పట్టుకుని వరస కదిలినట్టు కాదు, జాతరలో గుంపు మసిలినట్టు. నీళ్ళ సంగతి అయితే ఇంకా తిరకాసు. మంచుగడ్డలోనే కణాల మధ్య ఖాళీ ఎక్కువ, అందుకే మంచు నీళ్ళ మీద తేలుతుంది. మూడు లైన్లు బట్టీ పడితే ఇది తెలియదు.

వాయువులో పట్టు దాదాపు ఉండదు. పరుగే. 1 లీటరు నీళ్ళు మరిగి ఆవిరైతే 1,600 లీటర్లకు పైగా చోటు ఆక్రమిస్తాయి. బట్ట ఆరేటప్పుడు వేగంగా ఉన్న కణాలు ముందు ఎగిరిపోతాయి, నెమ్మదివి మిగులుతాయి. అందుకే తడిబట్ట చల్లగా ఉంటుంది. బ్లాక్ వెతికిన దాగిన వేడి ఎటు పోయిందో కూడా ఇక్కడే తేలింది. పక్కవాటి పట్టు విడిపించుకోవడానికి ఖర్చైపోయింది.

నాలుగోది, ఐదోది

మూడు స్థితులతో కథ ఆగలేదు. అక్కడ మన దేశం వాళ్ళు ఇద్దరున్నారు, ఇద్దరూ కలకత్తాలో ఒకే క్లాసు.

మేఘనాద్ సాహా ఢాకా దగ్గర పల్లెటూళ్ళో చిన్న కిరాణా కొట్టు నడిపే ఇంట్లో 1893లో పుట్టారు. 1905లో గవర్నరు రాకని బహిష్కరించినందుకు బడి నుంచి తీసేశారు. కలకత్తా హాస్టల్లో కులం పేరు చెప్పి కొందరు ఆయన పక్కన భోజనానికి కూర్చోలేదు. ఆ మనిషి 1920లో నక్షత్రాల సంగతి తేల్చారు. వేడి ఇంకా ఇంకా పెరిగితే కణాలే చీలిపోతాయి, అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. ఏ వేడిలో, ఏ పీడనంలో ఎంత భాగం అలా ఊడుతుందో చెప్పే సూత్రం ఆయనది. దాన్ని వాడే 1925లో సిసీలియా పేన్ నక్షత్రాల్లో ఎక్కువ భాగం హైడ్రోజనే అని చూపించింది. ఆ స్థితికి ప్లాస్మా అని పేరు పెట్టింది 1928లో లాంగ్‌మ్యూర్. పిడుగు పడినప్పుడు మెరిసే దారి ప్లాస్మానే. సూర్యుడంతా ప్లాస్మానే.

సత్యేంద్రనాథ్ బోస్ 1924లో ఢాకా నుంచి ఐన్‌స్టీన్‌కి ఒక వ్యాసం పంపారు. ఈసారి కాగితాలు బీరువాలోకి పోలేదు. ఐన్‌స్టీన్ స్వయంగా జర్మన్‌లోకి మార్చి అచ్చు వేయించి, ఆ లెక్కని ముందుకు తీసుకెళ్ళాడు. కణాలని దాదాపు పూర్తిగా చల్లబరిస్తే విడివిడిగా కాకుండా అన్నీ ఒక్కటిగా మెలుగుతాయని తేలింది. 1995లో అమెరికాలో కార్నెల్, వీమన్ రుబిడియం అణువులని చల్లబరిచి అది నిజమని చూపించారు. వాటర్‌స్టన్ కాగితాలకీ బోస్ కాగితాలకీ తేడా ఒక్కటే. అవతల చదివిన మనిషి.

మావాడి ప్రశ్నకి జవాబు

"మీరు చూశారా సార్?" అన్నదానికి ఆ రోజు సారు చెప్పగలిగిన జవాబు ఇది: "నేను చూడలేదు నాయనా. 1900 దాకా ఎవరూ చూడలేదు. చూడకుండానే ఎలా తెలుసుకున్నారో చెబుతా కూర్చో. తర్వాత 1955లో ముల్లర్ అనే ఆయన లోహపు సూది మొన మీది అణువులని తెర మీద చూపించాడు. 1981లో బిన్నిగ్, రోరర్ ఒక యంత్రం చేశారు, చీకట్లో వేలితో తడిమినట్టు సన్నటి మొనతో అణువులని ఒక్కొక్కటే తడిమి బొమ్మ గీస్తుంది." ఇంతే. రెండు నిమిషాలు పట్టేది.

మేము ఆ సారుని తిట్టడానికి ఇది రాయలేదు. ఆయనకీ ఎవరో మూడు లైన్లే ఇచ్చి ఉంటారు. కానీ మనలో చాలామంది ఇప్పుడు బీఈడీ చేస్తున్నారు, డీఎస్సీకి చదువుతున్నారు, సెలవుల్లో ఊళ్ళో పిల్లలకి ట్యూషన్ చెబుతున్నారు. రేపు మీ క్లాసులో ఒక పిల్లో పిల్లాడో లేచి ఇలాంటి ప్రశ్న వేస్తే కూర్చోబెట్టకండి. ఆ ప్రశ్న మాఖ్ వేసినదంత పెద్దది. ఇంకా బడిలో ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, నవ్వుతారని ఆగిపోకండి. లాటిన్ రాదని ఆపిన మనిషే ద్రవం అంటే ఏంటో లోకానికి చెప్పాడు.

చివరగా ఒక పని. మీ ఇంటి భాషలో పొగమంచుకి, ఆవిరికి, గడ్డకట్టడానికి, ఇగిరిపోవడానికి ఏమంటారో అవ్వనో తాతనో అడిగి రాసి పెట్టండి. అన్నీ పోగయ్యాక ఒక చోట చేర్చి, ఊళ్ళో పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు ఆ మాటలతోనే మొదలుపెడదాం. పుస్తకంలో మాట తర్వాత నేర్పొచ్చు.

ఇక మావాడు. ముప్ఫైకి దగ్గర పడుతున్నాడు. ఈ పోస్టులో చెట్టు బంక భాగం రాసింది వాడే.

జోహార్.